విప్పని మడత

చిక్కడపల్లి, హైదరాబాదు
12 ఫిబ్రవరి 2024, సోమవారం

తమ్ముడు శ్రీశైలానికి,

అక్క ముత్యాలు దీవెనలు. స్వామి దయవల్ల ఇక్కడ క్షేమం.

నీ ఉత్తరం చేరింది. స్పెయిన్‌లో ఒక మూల, గలీసియాలో కూర్చుని నిఘంటువు కోసం ‘ఇస్త్రీ’ అనే మాట ఏ ఓడలో వచ్చిందో వెతుకుతున్నానని రాశావు. అది నీకు ఉద్యోగమని తెలిస్తే నాయన నవ్వేవాడు. మన పని గురించి నా చేత్తో రాసి, తేదీ వేసి పంపమన్నావు. ఫోన్‌లో చెబితే రుజువు కాదన్నావు. సరే, నాకు తెలిసినంత రాస్తాను.

పొద్దున బండి దగ్గర ఇస్త్రీ పెట్టెలోకి బొగ్గులు రాజేస్తాను. పెట్టెకు దండం పెట్టుకున్నాక మొదటి బట్ట. చొక్కాకు ముందు కాలర్, తర్వాత భుజాలు, చేతులు, చివరికి ఒళ్ళు. చల్లిన నీళ్ళు బట్టలోకి దిగాలి, కారకూడదు. బట్ట మీద పెట్టె ఆగితే మచ్చ పడుతుంది. ఇంతకంటే విద్య ఏమీ లేదు.

గుర్తుల సంగతి అడిగావు. నల్లజీడి గింజను సూదితో గుచ్చి, ఆ రసంతో కాలర్ లోపల గుర్తు పెట్టేవాళ్ళం. ఎన్ని ఉతుకులైనా పోదు. ఇంటికొక గుర్తు. ఇప్పుడందరూ చీటీలు కడుతున్నారు. జీడి గుర్తు ఒక్క మన ఇంటి బట్టలకే మిగిలింది. రెండు చుక్కలు, కింద గీత. నాయన కనకయ్య పెట్టింది, నేను మానలేదు.

ఇంకొకటి కూడా రాసుకో. బట్టలు చాలా చెబుతాయి. ఎవరు తాగుతున్నారు, ఎవరికి జబ్బు, ఎవరింట్లో ఎవరు విడిగా పడుకుంటున్నారు, అన్నీ. నాయన మాట నీకు గుర్తుండే ఉంటుంది: “బట్ట చెప్పింది బండి దాటొద్దు బిడ్డా.” నలభై ఏళ్ళుగా నేను దాటనివ్వలేదు.

మన చిన్న తమ్ముడు నాగేందర్ ప్రతి సోమవారం వస్తున్నాడు. తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని, చాయ్ తాగి పోతాడు. జర బక్కగైనాడు. వాడి సంగతి నువ్వు చూసుకుంటున్నావు. నిన్ను నోటితో అడగొద్దని నాతో ఒట్టు వేయించుకున్నాడు, అందుకే అడగను. చిన్నోడి భారం నీ మీదా దేవుడి మీదా వేశాను.

చలికి చెవులు కప్పుకో.

అక్క
ముత్యాలు

*

శాంతియాగో, గలీసియా
6 మార్చి 2024

అక్కకు శ్రీశైలం దండాలు.

నీ ఉత్తరాన్ని మా ప్రొఫెసర్ ముందు పెట్టి ఒక్కో వాక్యం అర్థం చెప్పాను. ‘బట్ట మీద పెట్టె ఆగితే మచ్చ పడుతుంది’ అన్నదాన్ని ఆమె రెండుసార్లు చెప్పించుకున్నారు. మా అక్క పది వరకే చదివిందని చెబితే నమ్మలేదు.

ఇక మాట సంగతి. స్పానిష్‌లో, పోర్చుగీసులో, ఈ గలీసియా వాళ్ళ భాషలో, మూడింటిలోనూ ‘ఎస్తిరార్’ ఉంది. లాగి సాపు చేయడం అని అర్థం. పోర్చుగల్ వాళ్ళు మొదటి అక్షరం మింగేసి ‘ష్తిరార్’ అంటారు. అది వింటే నాకు మన గల్లీయే గుర్తొస్తుంది. కానీ మూడు భాషల్లోనూ పెట్టెతో రుద్దే పనికి ఈ మాట వాడరు, దానికి వేరే మాటలున్నాయి. అంటే మాట ఇక్కడిది, పని అక్కడిది. ఓడ దిగాక మన చాకలివాళ్ళ చేతుల్లో పడి పని మార్చుకుందన్నమాట. ఇది కాదు, సంస్కృతంలో పరచడం అనే అర్థమున్న ధాతువు నుంచే వచ్చిందనే వాళ్ళూ ఉన్నారు. తేలలేదు. దాని లోపలి ‘తిరార్’కు, అంటే లాగడానికి, తల్లి ఎవరో అసలు ఎవరికీ తెలియదు. అనాథ మాట.

స్పానిష్‌వాళ్ళు ఉన్న కాస్త కూరను పదిమందికి సరిపెట్టడానికి కూడా ఇదే వాడతారు. పిల్లలు ఉన్నట్టుండి పొడుగెదిగితే ఇదే. మెడ బిగించుకుని తిరిగేవాడు ‘ఎస్తిరాదో’. మన నాగేందర్ తెల్లచొక్కాలో నడిచినట్టు. పోర్చుగీసులో మనిషిని నేలకు పడగొట్టి పరిచెయ్యడం కూడా ఉంది. ఇక స్పానిష్‌లో ‘కాలు చాపాడు’ అంటే పోయాడని. మన దగ్గర ఎగతాళికి అన్నట్టే.

మొన్న ఒకటి జరిగింది. ఇక్కడ వానలకు బట్టలు ఆరవు. నేనుండే ఇంటి యజమానురాలు దోన కార్మె, డెబ్బై దాటిన మనిషి, తడి దుప్పటి ఒక కొస నా చేతికిచ్చి, రెండో కొస తాను పట్టుకుని, “ఎస్తిరా, ఎస్తిరా” అంది. లాగమని. ఇద్దరం లాగాం, దగ్గరికొచ్చి మడిచాం, మళ్ళీ లాగాం. చిన్నప్పుడు నువ్వూ నేనూ గంజి చీరలు లాగినట్టే. మాట ఇలాగే మొదలై ఉంటుందని నాకు అక్కడే అనిపించింది. పెట్టె తర్వాత వచ్చింది. ముందు ఇద్దరు మనుషులు, చెరో కొస.

నాగేందర్ సంగతి నేను చూసుకుంటున్నానని రాశావు. నేను చేసిందేమీ లేదక్కా, ఉద్యోగం వాడే వెతుక్కున్నాడు. ఎలాగూ నీకు చెప్పేశాడు కాబట్టి రాస్తున్నాను. నవంబరులో ఫోన్ చేసి, “బర్కత్‌పురల ఆడిటర్ ఆఫీసన్నా. పర్మనెంట్ అయ్యేదాక అక్కకు చెప్పకు. గల్లీ మొత్తం లడ్డూలు పంచుతది, మల్ల అది పోతే నా ముఖం ఏడ వెట్టుకోవాలె” అన్నాడు. పదకొండేళ్ళు గ్రూప్స్ రాసి రాసి ఇప్పటికైనా ఒక కుర్చీలో కూర్చున్నాడు. నాకదే చాలు.

నీ తమ్ముడు
శ్రీశైలం

*

చిక్కడపల్లి
9 మార్చి 2024, శనివారం

తమ్ముడికి,

నీ జవాబు ఇంకా రాలేదు. ఆగలేక రాస్తున్నాను. నిన్న శివరాత్రి జాగరణలో కూర్చున్నా మనసు శివుడి మీద నిలవలేదు.

నోటితో అడగనని ఒట్టు వేశాను కాబట్టి ఫోన్‌లో అడగలేదు. చేత్తో రాస్తే ఒట్టు తప్పినట్టు కాదనుకుంటున్నాను.

నువ్వు నాగేందర్‌ను అక్కడికి పిలిపించుకుంటున్నావని వాడే చెప్పాడు. “అన్న నన్ను ఆడికి రమ్మంటుండక్కా. కాయిదాలు నడుస్తున్నయ్. నువ్వు ఫోన్ల అడిగితే పరేషాన్ అయితడు, అడగకు” అన్నాడు. వీసావాళ్ళు ఎప్పుడు పిలుస్తారో తెలియదు, తెల్లచొక్కా తయారుగా ఉండాలన్నాడు. నాకు సంతోషమే కలిగింది. అశోక్‌నగర్ హాస్టల్లో వాడి యీడు పిల్లలంతా ఉద్యోగాలొచ్చి వెళ్ళిపోయారు. వాడిని సీనియర్ అని పిలుస్తారట. పిలిచేవాళ్ళకు నవ్వులాటే, వాడికి కాదు.

సంగతి ఇదీ. వాడు తెస్తున్న చొక్కా తొడిగింది కాదు. కాలర్‌కు చెమట లేదు. మోచేతి దగ్గర ముడత లేదు. నేను పోయిన సోమవారం వేసిన మడతలు అట్లనే ఉంటాయి. నా చెయ్యి నాకు తెలుసు. రెండు నెలలుగా ఇదే. వాడు ఇస్తాడు, నేను విప్పి, నీళ్ళు చల్లి, మళ్ళీ చేసి ఇస్తాను. చేసినంతసేపు వాడు బండి పక్కన స్టూలు మీద కూర్చుంటాడు.

అడగాలని నోటిదాకా వచ్చింది. నాయన మాట అడ్డం వచ్చింది. పరాయివాళ్ళ బట్టల సంగతే అడగనిదాన్ని, తమ్ముడిని అడిగి చిన్నబుచ్చడం ఎందుకనుకున్నాను. పిలుపు కోసం చొక్కా నలగకుండా దాచుకుంటున్నాడని సర్దిచెప్పుకున్నాను. కానీ పిలుపు కోసం దాచేవాడు ఇంట్లోనే దాచుకోవచ్చు. వారం వారం తేవడం ఎందుకు?

కాగితాలు ఎంతవరకు వచ్చాయో ఒక ముక్క రాయి. నా మనసు నెమ్మదిస్తుంది.

అక్క

*

చిక్కడపల్లి
30 మార్చి 2024, శనివారం

శ్రీశైలం,

బుధవారం నీ ఉత్తరం చదివి ఫోన్ చేసినప్పుడు ఇద్దరం ఒకరి మాట మీద ఒకరు పడ్డాం. నువ్వు ఉద్యోగమంటావు, నేను ప్రయాణమంటాను. రెండూ లేవని తెలిసేసరికి ఫోన్ పెట్టేశాను. కోపంతో కాదు. రోజూ ఫోన్‌లో నీకు ముక్కలు ముక్కలుగా చెబుతున్నాను. మొత్తం ఒక్కచోట ఉండాలని రాస్తున్నాను.

పద్దెనిమిదో తారీకు సోమవారం నాగేందర్ రాలేదు. ఇరవై అయిదున కూడా రాలేదు. హోలీకి దోస్తులతో పోయాడనుకున్నాను. వాడి ఫోన్ మోగడం లేదు.

బర్కత్‌పురలో ఆడిటర్ల ఆఫీసులన్నీ అడిగాను. ఎక్కడా లేడు. హాస్టల్‌కు పోతే నవంబరులోనే ఖాళీ చేశాడన్నారు. వాడి పాత రూమ్మేట్ ప్రేమ్‌సాగర్, ముషీరాబాద్ గోదాముల దగ్గర వాడిని ఎవరో చూశారని చెప్పి నాతో వచ్చాడు. మంచి పిల్లవాడు. దారిలో చెప్పాడు: “రిజల్ట్ అచ్చిన దినం అందరం ఏడ్సినం అక్కా. నాగన్న ఒక్కడే నవ్విండు. అందరికి చాయ్ తాపిచ్చిండు. తెల్లారి సూట్‌కేస్ సర్దిండు. మీ ఇంటికే పోయిండనుకున్నం.”

ముషీరాబాద్‌లో ఒక ఉల్లిగడ్డ గోదాములో మూటలు మోస్తున్నాడట. అక్కడే పడుకునేవాడట. ఉల్లిగడ్డలు ఏరే పెంటమ్మ అనే ఆమె వాడి సంగతి చెప్పింది. “మీ తమ్ముడా అక్కా? సదువుకున్నోడని ఎర్కే. మూట మీద కూసుండి ఉల్లిగడ్డల సంచికి సుట్టొచ్చిన పేపర్ గూడ సదివేటోడు. ఓ తెల్లంగి ఉండె, కవర్ల వెట్టి గోడ మొలకు ఏలాడదీసిండు. ‘పెండ్లికి తొడుగుతవా’ అని నగుతుంటిమి. కండ్లు పసుపు లెక్క అయినయ్ అక్కా. తిన్నది నిల్వలె. ‘ఇంటికి పోరాదు’ అన్న. ‘సోమారం పొద్దుగాల మా అక్క కాడికి పోత’ అన్నడు. పోయిండు మరి. రాలేదా?”

రాలేదని చెప్పాను. ఆమె చేతిలో పని ఆపి నన్ను చూసింది.

పోలీసులకు ఫోటో ఇచ్చాను. గుడిలో రోజూ పదకొండు ప్రదక్షిణలు చేస్తున్నాను. దొరుకుతాడు. నువ్వు టికెట్ కొనకు. ముందు వాడు దొరకనీ.

అక్క

*

శాంతియాగో
12 మే 2024

అక్కా,

ఇక్కడికి తిరిగి వచ్చి మూడు వారాలైంది. నాగేందర్ కర్మ ముగియగానే బయలుదేరినందుకు నువ్వేమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఫోన్‌లో చెప్పలేను, అందుకే రాస్తున్నాను. నా మీద నాకు ఎంత కోపముందో నీ మీదా అంత ఉంది. నీకు తెలుసు. చొక్కా విప్పలేదని రెండు నెలలు తెలుసు. తెలిసి కూడా నీళ్ళు చల్లి, ఇస్త్రీ చేసి, చాయ్ పోసి పంపావు. నోటికి ఒట్టు అడ్డమని ఉత్తరం రాశావు. ఆ ఉత్తరం నాకు చేరింది ఏప్రిల్ రెండున, వాడు పోయిన పదకొండో రోజున. ఒక్క ఫోన్ చేసి ఉంటే ఆ రోజే రెండు అబద్ధాలూ బయటపడేవి. వాడికి పచ్చకామెర్లు, అక్కా. అందరికీ చెప్పి వైద్యం చేయించుకునే జబ్బు. కోఠి దగ్గర ఫుట్‌పాత్ మీద పడి, పేరు లేని మనిషిగా నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉండి పోవలసినవాడు కాదు.

నేనేమైనా తక్కువా? ఆదివారం ఆదివారం వాడితో మాట్లాడేవాణ్ణి. ఆఫీసు ఎలా ఉందంటే “మస్తుందన్నా” అనేవాడు. కుర్చీ ఎలాంటిదని కూడా అడగలేదు. నా ‘ఇస్త్రీ’ మాట గురించే చెప్పేవాణ్ణి. వాడు శ్రద్ధగా వినేవాడు. ఒకసారి, “అన్నా, నీ మాట మంచిగ సెటిలైంది గదనే, పరాయి దేశంల” అన్నాడు. ఇద్దరం నవ్వాం.

మార్చి ఉత్తరంలో నేనొక ఎగతాళి అర్థం రాశాను. కాలు చాపడం. ఆ రోజుకు వాడు గోదాములో ఉన్నాడు. దయచేసి ఆ కాగితం చించెయ్యి. నిఘంటువులో ‘ఇస్త్రీ’ పద్దు రాయడం ఆపేశాను. ప్రొఫెసర్‌కు చెప్పాను. దోన కార్మె దుప్పటి తెస్తే చెయ్యి నొప్పి అని తప్పించుకున్నాను.

నువ్వు ఇంకా ఏదో దాస్తున్నావు. కర్మ జరిగినన్ని రోజులూ నా ముఖం చూసి మాట్లాడలేదు. ఆసుపత్రి కాగితాలు నా చేతికివ్వలేదు. అదేదో చెప్పు. బట్ట చెప్పింది బండి దాటొద్దన్న మాట ఇక నా దగ్గర వద్దు.

శ్రీశైలం

*

చిక్కడపల్లి
3 జూన్ 2024, సోమవారం

తమ్ముడికి,

అక్క దీవెనలు. నువ్వు రాసిందంతా నిజం. ఒక్క మాట కూడా కొట్టెయ్యలేను. దేవుడి పటం దగ్గర పెట్టి మూడు రోజులు చదివాను.

అడిగావు కాబట్టి చెబుతున్నాను.

ఏప్రిల్ ఒకటిన కానిస్టేబుల్ ఒకాయన వచ్చాడు. ఇస్త్రీ బండ్లన్నీ తిరుగుతున్నానన్నాడు. ఫోన్‌లో ఒక కాలర్ ఫోటో చూపించి, “ఈ గుర్తు ఎవరిదమ్మా, ఎరుకేనా?” అన్నాడు. రెండు చుక్కలు, కింద గీత. “మాది” అన్నాను. ఆయన అర్థం కాక, “మీదంటే, మీ గిరాకీదా?” అన్నాడు. “కాదయ్యా, మా ఇంటిది” అన్నాను. ఆయన టోపీ తీసి స్టూలు మీద కూర్చున్నాడు. నాగేందర్ కూర్చునే స్టూలు.

అంతవరకు నీకు తెలుసు. కోఠి అన్నది నేను చెప్పిన అబద్ధం. కాగితాల్లో ఉన్నది వేరు. వాడు పడిపోయింది ఆర్‌టీసీ క్రాస్‌రోడ్స్ ఇవతల. ముషీరాబాద్ నుంచి నడిచి వస్తూ. అక్కడి నుంచి మన బండికి అయిదు నిమిషాలు.

ఆ పొద్దున నాకు గుర్తుంది. గిరాకీ ఆయన ఒకరు బట్టలు పెడుతూ, “ముంగట ఎవరో పడ్డడు అక్కా. పొద్దుగాల్నే తాగినట్టుండు, తెల్లంగి ఏసిండు, 108ల తీస్కపోతున్నరు” అన్నాడు. “అయ్యో పాపం” అన్నాను. నా చేతిలో పెట్టె ఉంది. కాలర్ మీద ఉంది. ఆగితే మచ్చ పడుతుందని తల ఎత్తలేదు.

ఇది నీ ముఖం చూసి చెప్పలేకపోయాను.

చొక్కా నాకు తిరిగి ఇచ్చారు. ఆ రోజే మొదటిసారి తొడిగాడు. కాలర్‌కు చెమట గీత ఉంది. చేతులు రెండు మడతలు పైకి పెట్టుకున్నాడు, నాయన పెట్టుకున్నట్టు. వీపు మీద మాత్రం నా మడత గీత ఇంకా పోలేదు. ఉతికాను. ఆరేశాను. ఇస్త్రీ చేయలేదు. దేవుడి గూట్లో ఉంది.

వాడు వారం వారం చొక్కా ఎందుకు తెచ్చాడో నాకు ఇప్పుడు తెలిసింది. ఊరికే వచ్చి కూర్చుంటే ఏమైంది నాయనా అని అడుగుతానని. చేతిలో బట్ట ఉంటే అడగనని వాడికి తెలుసు. మన ఇంట్లో పుట్టినవాడే కదా.

నీ కాగితం చించలేదు. అందులో దుప్పటి సంగతి ఉంది. పద్దు ఆపొద్దు. ఇద్దరు మనుషులు చెరో కొస అని నువ్వు రాసిందే పెట్టు. మనం ముగ్గురం ఉండి కూడా పట్టుకోలేదు. అది రాయకు, నీ దగ్గర ఉంచుకో. ఆమె మళ్ళీ దుప్పటి తెస్తే పట్టుకో. పెద్దామె, ఒక్కతే లాగలేదు.

నాయన మాట నేను వదిలేశాను. ఇప్పుడు ఏ చొక్కా వచ్చినా ముందు విప్పి చూస్తున్నాను. నలగకపోతే, “తొడగలేదా బిడ్డా?” అని అడుగుతున్నాను. అశోక్‌నగర్ పిల్లలు నవ్వుతున్నారు. “అక్క సీఐడీల చేరింది” అంటున్నారు. అననీ.

ఇవాళ లేడీస్ హాస్టల్ నుంచి రమ్య అనే పిల్ల వచ్చింది. దేవరకొండ దిక్కు. సంచిలోంచి డ్రెస్సు తీసి ఇచ్చింది. పోయిన సోమవారం నేను మడిచిందే. అడిగాను. ఆ పిల్ల నవ్వలేదు. నేల చూస్తూ, “లేదక్కా” అంది.

పెట్టె పక్కన నిలబెట్టాను. బొగ్గుల మీద నీళ్ళు చల్లాను. స్టూలు జరిపి కూర్చోమన్నాను.

ఇంకా కూర్చునే ఉంది. ఉత్తరం ఇక్కడ ఆపుతున్నాను.

అక్క
ముత్యాలు